ముంతకు చెవులు లేవు

‘కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు’ అని మన సామెత. కథలో నిజానిజాలు వెతక్కండి, అది ఎలా నడిచిందని అడక్కండి అని దాని భావం. ముంత సంగతి సరే, వినే మనిషికి మాత్రం రెండు చెవులున్నాయి కదా! ఆ చెవులకు ఏ బాధ్యతా లేదా అన్నది ఈమధ్య నన్ను పట్టుకుని వదలని ప్రశ్న.

ఇప్పుడు కథలు చదివే కాలం పోయి వినే కాలం మళ్లీ వచ్చినట్టుంది. మా జనగామలో రాత్రి తొమ్మిది దాటి వంటిల్లు సర్దుకోవడం అయ్యాక, ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు చెవిలో తీగ పెట్టుకుని కళ్లు మూసుకుని పడుకుని ఉంటారు. నిద్రపోతున్నారనుకుంటే పొరపాటే. ఏ సముద్రం నడిమధ్యలోనో ఉంటారు! వంద, నూట యాభై ఏళ్ల కిందటి పాశ్చాత్య వింతకథలను ఎవరో మంద్రమైన గొంతుతో చదివి పెడుతున్నారు. వాటిలో నాకు మహా ఇష్టమైనవి మాయమైపోయిన దీవుల కథలు.

వీటి వరస మీకూ తెలిసే ఉంటుంది. ఓడ దారి తప్పుతుంది. ఏ పటంలోనూ లేని దీవి కనిపిస్తుంది. అక్కడ చూడకూడనిది ఏదో చూస్తారు. అందరూ పోగా ఒక్కడు మిగిలి ఇల్లు చేరతాడు. వాడు చెప్పింది ఎవరూ నమ్మరు. వెళ్లి చూస్తే అక్కడ నీళ్లు తప్ప ఏమీ ఉండవు. ఈ కథల్లో దీవి మునగక తప్పదు. ఉంటే ఎవరో ఒకరు వెళ్లి కొలతలు తీసుకొస్తారు, పోస్టాఫీసు పెడతారు, అక్కడితో కథ అయిపోతుంది. దొంగతనం కథకు దొరికిన సొమ్ము సాక్ష్యం, జబ్బు కథకు మందుచీటీ సాక్ష్యం. మునిగిన దీవి కథకు చెప్పేవాడి మాట ఒక్కటే సాక్ష్యం. అందుకే వినేవాళ్ల అవసరం ఇంతగా ఉన్న కథ మరొకటి లేదంటాను.

మన కథల్లో వినేవాళ్లకు ఒక ఉద్యోగం ఉంది. అదే ఊ కొట్టడం. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని అమ్మమ్మ చెబుతుంటే మనం ‘ఊ’ అనాలి. ‘ఊ’ ఆగితే కథ ఆగుతుంది. పాత చందమామలు బైండు చేయించి పెట్టుకున్న ఇళ్లలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘జ్వాలాద్వీపం’ ఒకరు చదువుతుంటే నలుగురు పిల్లలు చుట్టూ చేరి వినడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడా అంతే. వినేవాళ్లు దిక్కులు చూస్తే చదివేవాళ్లకు కోపం వచ్చేది.

ఇంట్లోనే కాదు, ఊళ్లోనూ అదే పద్ధతి. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య గారు ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చి, సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకుని, 2017లో కన్నుమూశారు. ఒగ్గు కథ చూసినవాళ్లను అడగండి. మల్లన్న కథైనా, బీరప్ప కథైనా, ఎల్లమ్మ కథైనా, చెప్పే ఆయన పక్కన మాట అందుకునే మనిషి ఒకడు ఉంటాడు. అడుగుతాడు, ఆశ్చర్యపోతాడు, వేళాకోళం చేస్తాడు. బుర్రకథలోనూ వంతలు లేకుండా కథకుడు ముందుకు పోడు. అంటే ఒంటరి గొంతును మనవాళ్లు కథ కింద లెక్కవేయలేదన్నమాట.

‘ఊ’ అంటే ‘నమ్ముతున్నాను’ అని కాదు. చిలకలో ప్రాణం ఉంటుందని ఏ పిల్లా నమ్మలేదు. ‘నమ్మడం లేదు’ అనీ కాదు. ‘నేనిక్కడే ఉన్నాను, నువ్వు చెప్పు’ అని మాత్రమే. ఇంత చిన్న అక్షరానికి ఎంత విలువ ఉందో మునిగిన దీవుల కథలే చెబుతాయి. మూడింటిని చూద్దాం.

మొదటిది ఈజిప్టుది. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి కథ. ఓడ పగిలి నూట ఇరవై మంది మునిగిపోగా ఒక్క నావికుడు దీవికి కొట్టుకొస్తాడు. అక్కడ బంగారు ఒంటితో ఓ పెద్ద పాము ఉంటుంది. అది ముందు అతని కథ అడిగి వింటుంది. ఆ తర్వాత తన కథ చెబుతుంది. ఆకాశం నుంచి చుక్క రాలి తన వాళ్లంతా కాలిపోయారని, తానొక్కతే మిగిలానని. నువ్వు వెళ్లాక ఈ దీవి నీళ్లలో కలిసిపోతుంది, మళ్లీ కనబడదు అంటుంది. కానుకలు పంపుతానంటే నవ్వుతుంది. నీ ఊళ్లో నా పేరు మంచిగా చెప్పు, అదే చాలునంటుంది. నావికుడు మాట నిలబెట్టుకున్నాడు. ఎక్కడ? పని చెడి, రాజుగారికి ఏమని జవాబు చెప్పుకోవాలో తెలియక దిగులుగా ఉన్న తన అధికారికి ధైర్యం చెబుదామని ఈ కథంతా చెప్పాడు. ఆ అధికారి ఏమన్నాడో తెలుసా? తెల్లారితే కోయబోయే బాతుకు నీళ్లు తాగించడం ఎందుకయ్యా అన్నాడు! కథ అక్కడితో సరి. వినలేని వాడికి చెప్పిన కథ అది.

రెండోది ప్లేటోది. అట్లాంటిస్ అనే మహాద్వీపం ఒక్క పగలూ ఒక్క రాత్రిలో మునిగిపోయిందన్న కథను ఆయన క్రిటియాస్ అనే మనిషి చేత చెప్పించాడు. క్రిటియాస్‌కు అది తాత చెప్పిన కథ. అప్పటికి తాతకు తొంభై దగ్గర పడ్డాయి, మనవడికి పదేళ్లు. ఇన్నేళ్లయినా నీకెలా గుర్తుందయ్యా అంటే, తాతను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాను, అందుకని మనసులో ముద్ర పడిపోయింది అంటాడు. అట్లాంటిస్ ఉందా లేదా అని పండితులు కొట్టుకున్నా, ఇన్ని వేల ఏళ్లు ఆ పేరు నిలిచిందంటే, ఆ కథ ప్రకారం పుణ్యమంతా పదేళ్ల పిల్లవాడి ‘ఆ తర్వాత?’దే.

మూడోది 1928లో ఒక అమెరికన్ పత్రికలో వచ్చింది. లవ్‌క్రాఫ్ట్ రాసిన ‘ది కాల్ ఆఫ్ క్తులూ’. పసిఫిక్ సముద్రంలో ఒక భయంకరమైన నగరం పైకి తేలి మళ్లీ మునుగుతుంది. చూసి బతికి వచ్చినవాడు జొహన్సెన్ అనే నార్వే నావికుడు. అతడు ఇంటికొచ్చి భార్యతో అసలు సంగతి చెప్పలేదు. అంతా కాగితాల మీద రాశాడు, అదీ ఇంగ్లీషులో, ఆమె చదవలేకుండా. కొన్నాళ్లకు పోయాడు. ఆ తర్వాత వాకబు చేస్తూ వచ్చిన కథానాయకుడు, ఇవేవో సాంకేతిక విషయాలమ్మా అని ఆమెను ఒప్పించి ఆ కాగితాలు పట్టుకుపోతాడు. అందరూ ఆ కథలో రాక్షసి దగ్గర ఉలిక్కిపడతారు. నేను మాత్రం ఆ భార్య దగ్గర ఆగిపోయాను. మొగుడు రాత్రిళ్లు ఎందుకు ఉలిక్కిపడి లేచాడో ఆమెకు జన్మలో తెలియదు. ఆమె మంచి కోసమే దాచాడట! మనవాళ్లు అనరూ, ‘నీకెందుకులే’ అని? అప్పు సంగతి, డాక్టరు చెప్పిన సంగతి, పొలం తాకట్టు సంగతి, అన్నీ ఇలాగే మన చేతుల్లోనే ఉంటాయి, మనకు రాని భాషలో.

భయపెట్టకూడదని దాచడం ప్రేమే కావచ్చు. కానీ భయం పంచుకునే హక్కు కూడా తీసేసుకునే ప్రేమ అది. చెప్పనివాడు ఒంటరివాడయ్యాడు, వినని ఆమె ఒంటరిదైంది. ఆ ఇంట్లో మునిగిన దీవి ఒకటి కాదు, రెండు.

ఇప్పుడు ఫోను దగ్గరికి వద్దాం. చదివి పెట్టిన గొంతుకు మన ‘ఊ’ అక్కర్లేదు. మనం నిద్రపోయినా చెబుతూనే ఉంటుంది. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే మా మేనల్లుడు డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఈ కథలే వింటాడు. ‘అత్తా, భయమేసినప్పుడు పక్కన ఎవ్వరు లేకపోవుడే దీంట్ల మజా’ అంటాడు. వాడి మాట కొట్టిపారేయలేను. రోజంతా నలుగురి మధ్య, హోరులో పనిచేసే వాడికి కాసేపు ఒంటరితనం కావాలి. పుస్తకం చదవడం కూడా ఒంటరి పనే కదా! నవలలు రాసుకునే నేను దాన్ని తప్పంటే నా పొట్ట మీద నేనే కొట్టుకున్నట్టు.

మహబూబాబాద్‌లో మా మేనత్తకైతే ఫోను దేవుడిచ్చిన వరం. కళ్లకు మసకలొచ్చి అక్షరాలు అలుక్కుపోయాక, ఎవరినీ బతిమాలకుండా తనకు కావలసిన కథ తాను పెట్టించుకుని వింటుంది. విశేషమేమిటంటే ఆమె ఫోనుకు కూడా ఊ కొడుతుంది! పిల్లలు నవ్వితే, ‘ఊ కొట్టకుంటె కథకు మర్యాద తక్కువైతది బిడ్డా’ అంటుంది.

తప్పు ఫోనులో లేదు. చిక్కు మరోచోట ఉంది. పెద్దవాళ్ల చేతికి కథలు ఇచ్చేసి, వాళ్ల కథల నుంచి మనం తప్పించుకుంటున్నామేమో! ‘ఆవిడకేం, హాయిగా వింటూ పడుకుంటుంది’ అంటాం. వినడం సరే, ఆవిడ చెప్పేది ఎప్పుడు?

2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి దగ్గర మోరంచ వాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది. ఊళ్లోవాళ్లు డాబాల మీదికీ చెట్ల మీదికీ ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. హెలికాప్టర్లూ పడవలూ వచ్చి వాళ్లను దించాయి. కొందరు దక్కలేదు. ఏ పటంలోనూ దీవిగా లేని ఊరు ఒక్క పూటలో దీవి అయింది. మా మేనత్త వియ్యపురాలు ఆ ఉదయం ఆ డాబాల్లో ఒకదాని మీద ఉంది. తర్వాత కూతురింట్లో కొన్నాళ్లు ఉండడానికి మహబూబాబాద్ వచ్చింది. వచ్చినవాళ్లకల్లా ఆ సంగతే చెప్పేది. మొదటిసారి అందరూ నోరు తెరుచుకుని విన్నారు. రెండోసారి తలాడించారు. మూడోసారి, ‘చెప్పినవుగద పిన్నీ’ అన్నారు. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు, రాత్రయితే పదివేల ఏళ్ల కిందట మునిగిన దీవి కోసం మేలుకుని వినేవాళ్లే!

ఆమె చెప్పడం మానేసింది. కొన్నాళ్లకు ఓ సాయంత్రం, మేమంతా ఉండగానే, మేనత్త ఫోను కట్టేయించి వియ్యపురాలి వైపు తిరిగి అడిగింది: ‘వదినె, నీళ్లొచ్చినప్పుడు పొయ్యి మీద ఏమున్నది?’

ఆ ప్రశ్న టీవీవాళ్లు అడగలేదు, అధికారులు అడగలేదు. ఆమె కాసేపు ఆలోచించింది. ‘ఏముంటది వదినె, పొయ్యి ముట్టించనే లేదు. రాత్రి మిగిలిన బువ్వల నీళ్లు పోసి మూత పెట్టిన. డాబా మీద కూసున్నంత సేపు, ఆ గిన్నె ఎటు కొట్టుకపోయిందో, ఎటు కొట్టుకపోయిందో అనుకున్న’ అంది. ముందు ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె ఏడ్చింది. మా మేనత్త ‘ఊ’ అంటూనే ఉంది. నాలుగోసారి చెప్పినా ఆ రోజు అది కొత్త కథే.

ఇక్కడ మీరొక మాట అడగవచ్చు. ‘పుట్టిన దగ్గర్నుంచీ ఊ కొట్టడమే కదా మా పని! ఆయన ఆఫీసు గొడవలకు ఊ, అత్తగారి తీర్థయాత్రలకు ఊ, పిల్లల మార్కులకు ఊ. ఇంకా బాధ్యత అంటారేమిటి?’ అని. న్యాయమైన ప్రశ్నే. కూర తాలింపు మాడకుండా చూసుకుంటూ అన్న ‘ఊ’ వేరు, అది బతుకుతెరువు. మరో మాట అనడానికి వీల్లేక అన్న ‘ఊ’ వేరు, అది లొంగుబాటు. నేను చెప్పే ‘ఊ’కు ఒకటే గుర్తు: ఎప్పుడో ఒకప్పుడు అది తిరిగి రావాలి. ఈజిప్టు పాము ముందు విని తర్వాత చెప్పింది. నావికుడు ముందు చెప్పి తర్వాత విన్నాడు. అది సమానుల మధ్య బేరం. ఇంటిల్లిపాదికీ ఊ కొట్టే మనిషికి ఊ కొట్టేవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరూ లేకపోతే, ఆమె ఓపికను మెచ్చుకోవడం అన్యాయానికి దండ వేయడమే.

కనుక చెవులకు బాధ్యత ఉందనే నేను అనుకుంటున్నాను. అందరి కథలూ అన్ని వేళలా వినాలని కాదు, అలాగైతే ఇల్లు గడవదు. విన్నది మనలో మునిగిపోకుండా ఎవరో ఒకరికి చెప్పాలి, పాము అడిగింది అంతే. చెప్పాలనుకునే మనిషి కనిపిస్తే, కథ తెలిసినదే అయినా, తెలియని ఒక్క ప్రశ్న వెతికి అడగాలి.

ప్లేటో ఆ అట్లాంటిస్ కథను పూర్తి చేయలేదు. దేవతలందరినీ సమావేశపరిచి జ్యూస్ దేవుడు నోరు తెరిచి ఏదో చెప్పబోతాడు. అక్కడ, వాక్యం మధ్యలోనే, గ్రంథం ఆగిపోయింది. రెండు వేల మూడు వందల ఏళ్లు దాటినా ఆ దేవుడు ఏమన్నాడో ఎవరికీ తెలియదు. ఆయన్ని ఇక అడగలేం. మన ఇళ్లలో సగం వాక్యం దగ్గర ఆగిపోయినవాళ్లు మాత్రం ఇంకా పక్క గదిలోనే ఉన్నారు.