గడప ఎవరిది?

అద్దె ఇంటి గడపకు పసుపు రాసేది ఎవరండీ? ఇల్లు గలాయనా, అద్దెకున్న ఇల్లాలా? జవాబు చెప్పడానికి మనకు క్షణం కూడా పట్టదు. శుక్రవారం వచ్చిందంటే నడుం వంచి కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టేది అందులో కాపురం చేసే మనిషే. ఇల్లు గలాయన ఏ దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఏ దుబాయ్‌లోనో ఉండి నెలకోసారి అద్దె లెక్క చూసుకుంటాడు. దస్తావేజు ఆయన పేరున, పన్ను రసీదు ఆయన పేరున, కరెంటు మీటరూ ఆయన పేరునే. గడప మాత్రం ఈవిడది. మరి బయటివాళ్ళెవరైనా ఆ గడప దాటి లోపలికి రావాలంటే ఎవరినడగాలి?

ఇది ఊసుపోక వేసుకున్న ప్రశ్న కాదు. లాడ్ బజార్‌లో ఒకావిడ నాచేత వేయించిన ప్రశ్న. ఆవిడ గడపకు పసుపు ఉండదు, గుమ్మానికి ఒక పాత పరదా ఉంటుంది. ప్రశ్న మాత్రం మనదీ ఆవిడదీ ఒకటే.

చార్మినార్‌కు పడమటి వైపున మొదలయ్యే ఆ బజారుకు మనమంతా పెళ్ళి షాపింగు పేరుతో ఒక్కసారైనా వెళ్ళినవాళ్ళమే. మనం చూసేది అద్దాల వెనక తళుకులీనే దుకాణాలను. గాజు పుట్టేది అక్కడ కాదు, వెనక సందుల్లోని చిన్న చిన్న అద్దె గదుల్లో. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరచి, సాగదీసి, గుండ్రంగా వంచి, అది ఇంకా వేడిగా ఉండగానే రాళ్ళూ అద్దం ముక్కలూ ఒక్కొక్కటే అద్దాలి. చల్లారితే రాయి పట్టదు, చూపు తప్పితే వరస తప్పుతుంది. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి సంతోషించాం. ఆ పని చేసే గదిలో సెగ బొగ్గులది, వెలుతురు మాత్రం కరెంటుది. ఆవిడకు లైటంటే దీపం కాదు, జీవనం.

నేనావిడను ఆపా అంటాను, ఆవిడ నన్ను అమ్మా అంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కూతురితో రెండు గదుల్లో ఉంటుంది. ఆ ఇంట్లో మూడు కాపురాలకూ కలిపి మీటరు ఒక్కటే. ఎవరి వాటా వాళ్ళు నెలనెలా ఇంటాయన తమ్ముడి చేతికిస్తారు. ఆ తమ్ముడు నాలుగు నెలలుగా బిల్లు కట్టడం లేదన్న సంగతి వీళ్ళకెలా తెలుస్తుంది? మగ్రిబ్ నమాజు అయ్యాక ఒక సాయంత్రం కరెంటు వాళ్ళమంటూ నలుగురు వచ్చారట. బాకీ ఉంది, లోపల వైర్లు కూడా చూడాలి అన్నారు. "ఘర్ మే మర్ద్ నహీ హై, సుబహ్ ఆవో" అంది ఆపా. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు, పొద్దున రండి అని. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. గొంతు పెంచలేదు. ఎదురుగా ఉన్న చాయ్ దుకాణం నుంచి ఒక పెద్దమనిషిని పిలుచుకొచ్చి గుమ్మంలో నిలబెట్టి, పరదా తొలగించుకుని లోపలికి వెళ్ళారు. స్విచ్చి బోర్డులూ, మంచం కిందా, వంట మూలా పది నిమిషాలు చూశారు. ఏమీ దొరకలేదు. వెళ్ళిపోయారు.

"తప్పేముందమ్మా, మర్యాదగానే వచ్చారు. కానీ నేను వద్దన్నానుగా!" అంది ఆపా.

నవలలో అయితే సరిగ్గా ఇక్కడ ఒక యువ లాయరును ప్రవేశపెట్టి పేజీలు నింపి ఉండేదాన్ని. జీవితంలో లాయర్లు అలా సమయానికి రారు కనక, నేనే కూర్చుని 2003 నాటి విద్యుత్ చట్టం తిరగేశాను. బి.ఎ.లో చదువుకున్న ఇంగ్లీషు ఇన్నాళ్ళకు ఇలా పనికొచ్చింది.

ఆ చట్టంలో రెండు తలుపులున్నాయి. ఒకటి 163వ సెక్షన్. మీటరో, వైరో పరీక్షించాలంటే వేళగాని వేళ కాకుండా, ముందుగా చెప్పి రావాలి. ఎవరికి చెప్పాలి? ఇల్లు గలవాడికి కాదు, అక్కడ ఉంటున్న వ్యక్తికి. ఈ మాట దగ్గర నాకు ప్రాణం లేచి వచ్చింది. ఉంటున్న మనిషి కాదంటే? తలుపు తోసెయ్యమని చట్టం చెప్పలేదు. రాతపూర్వకంగా నోటీసిచ్చి, 24 గంటలు గడిచాక సరఫరా ఆపవచ్చంది. అంతకు మించి లోపలికి రావాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి, అప్పుడు కూడా 24 గంటల ముందు నోటీసివ్వాలి.

రెండోది 135వ సెక్షన్. కరెంటు దొంగతనం జరుగుతోందని నమ్మడానికి కారణముంటే, అధికారం పొందిన ఆఫీసరు తలుపు పగలగొట్టుకుని అయినా వచ్చి సోదా చేయవచ్చు. ఇంట్లో ఉన్నవారో, వారి తరఫువారో ఆ సమయంలో ఉండాలి. పట్టుకున్న వస్తువుల జాబితా రాసి సంతకం తీసుకోవాలి. ఇక దాని కిందనే ఒక షరతు. కాపురముండే ఇళ్ళలో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా సోదా చేయకూడదు, ఆ ఇంట్లో ఉంటున్న వయసొచ్చిన మగవాడు ఎదుట ఉంటే తప్ప.

దీన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం కలిగింది. ఈ లెక్కన ఆ సాయంత్రం ఆపా ఇంట్లోకి ఎవరూ సోదాకు రాకూడదు. చాయ్ దుకాణం పెద్దమనిషి ఆ ఇంట్లో ఉంటున్న మగవాడు కాడుగా! మగవాడిని అరువు తెచ్చుకోవచ్చని చట్టంలో ఎక్కడా లేదు.

రెండోసారి చదివితే సంతోషం కాస్త చల్లబడింది. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే, ఒంటరి ఆడవాళ్ళ ఇంట్లో రాత్రిపూట పరాయి మగవాళ్ళు జొరబడకూడదని. కానీ చూడండి, నిన్నగాక మొన్న మీసం మొలిచిన పద్దెనిమిదేళ్ళ కొడుకు ఇంట్లో ఉంటే చాలు. యాభై ఏళ్ళ తల్లి ఉంటే చాలదు. ఆ కొడుకు ఔననక్కర్లేదు, ఊరికే నిలబడితే సరిపోతుంది. అతని మౌనానికి ఉన్న బరువు ఆమె నోటి మాటకు లేదు. అదే దొంగతనం కేసు పెట్టాల్సి వస్తే మాత్రం మగదిక్కు ఉందా అని ఎవరూ అడగరు, నేరుగా ఆమె పేరే రాసుకుంటారు. బాధ్యత మోయడానికి నిండు మనిషి, అనుమతి ఇవ్వడానికి మాత్రం సగం మనిషి అన్నమాట!

సోదాల విషయంలో ఇంకో పాత మర్యాద కూడా ఉంది. బయటికి రాని ఆచారమున్న స్త్రీ ఉన్న గదిని తెరవాలంటే, ముందుగా ఆమెకు తెలియజేసి, ఆమె పక్కకు తప్పుకోవడానికి వీలివ్వాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది. 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో కూడా ఆ మాట అలాగే ఉంచారు. పక్కకు తప్పుకోవడానికి మర్యాదగా అవకాశమిస్తున్నారు. కాదనడానికి ఎప్పుడిస్తారో!

అసలు నాకు తట్టిన సందేహం ఇంకా మొదట్లో ఉంది. పాలవాడికి రెండు నెలలు బాకీ పడ్డామనుకోండి, ఏం చేస్తాడు? గుమ్మంలో నిలబడి నాలుగు మాటలంటాడు, పోయడం మానేస్తాడు. వంటింట్లోకి వచ్చి గిన్నెలు ఎత్తి చూడడు. కిరాణా కొట్టాయనా అంతే. కరెంటు అమ్మేవాడికే ఈ లోపలి దారి ఎలా వచ్చింది? అతని వస్తువు మన ఇంట్లో ఉండటం వల్ల. మీటరు అతనిది, గోడ మనది. వస్తువును చూసుకోవడానికి వస్తున్నానంటాడు. సరే, న్యాయమే. కానీ బాకీకీ దీనికీ సంబంధం ఏమిటి? బాకీ ఉంటే తీగ స్తంభం దగ్గరే విప్పవచ్చు. అందుకు ఎవరి పరదా తొలగించాల్సిన పని లేదు. బాకీ పేరు చెప్పి లోపలికి వచ్చారంటే, అది డబ్బు కోసం కాదు, నీ ఇల్లు మాకు తెరిచే ఉంటుందని చెప్పడానికే అనిపిస్తుంది నాకు.

ఇంగ్లండులో ఈ గొడవ పెద్దదే అయింది. మనిషి ఇల్లు అతని కోట అని 1604 నుంచీ చెప్పుకునే దేశం అది. అక్కడ బాకీ పడినవారి ఇంట్లో ముందే డబ్బు కడితే తప్ప వెలగని మీటరు పెట్టేస్తారు. అందుకు 1954 నాటి చట్టం కింద మేజిస్ట్రేటు వారంటు తెచ్చుకుని తలుపులు తెరిపించవచ్చు. 2023 ఫిబ్రవరిలో 'ది టైమ్స్' విలేఖరి ఒకరు బ్రిటిష్ గ్యాస్ తరఫున పని చేసే ఏజెంట్లతో తిరిగి, చిన్న పిల్లలున్న ఇళ్ళల్లోకి కూడా తాళాలు తీసుకుని ఎలా వెళుతున్నారో బయటపెట్టారు. దేశమంతా గగ్గోలెత్తింది. బలవంతంగా మీటర్లు పెట్టడం కొన్నాళ్ళు ఆపించారు. ఆ ఏప్రిల్‌లో కొత్త నియమాలు వచ్చాయి. బాకీదారును కనీసం పదిసార్లు పలకరించే ప్రయత్నం చేయాలి, వెళ్ళినవాళ్ళు ఒంటి మీద కెమెరా పెట్టుకోవాలి, 85 ఏళ్ళు దాటినవారి ఇంట్లో బలవంతం పనికిరాదు. ఇవన్నీ చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది. వారంటు ఉన్నంత మాత్రాన చూడకుండా వదిలేసిన మనిషిని, ఒకసారి చూడమంటున్నాయి ఈ నియమాలన్నీ.

అలాగని కొక్కేలు వేసి కరెంటు లాక్కోవడాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. దొంగ కరెంటు భారం చివరకు బిల్లు కట్టేవాళ్ళ మీదే పడుతుంది, ఆపా లాంటి వాళ్ళ మీద కూడా. సోదాలు అసలే వద్దంటే దొంగకు అంతకన్నా ఏం కావాలి? లైన్‌మన్ కష్టమూ తక్కువది కాదు. వర్షంలో స్తంభమెక్కేవాడూ అతనే, సందులో తిట్లు తినేవాడూ అతనే. కాకపోతే దొంగతనం అనుమానం, బిల్లు బాకీ వేరు వేరు సంగతులు. రెండింటినీ ఒకే గొంతుతో గుమ్మంలో చెప్పేస్తే, బాకీదారు అప్పటికప్పుడు దొంగై కూర్చుంటుంది. అందులోనూ ఆ బాకీ ఆవిడది కానే కాదు!

బాకీకి చట్టం వేరే దారి పెట్టింది. 56వ సెక్షన్ ప్రకారం సరఫరా ఆపాలంటే నిండా 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసివ్వాలి. లెక్కలో తగాదా ఉంటే, అభ్యంతరం తెలుపుతూ, అడిగిన మొత్తం గాని, గడిచిన ఆరు నెలల సగటు గాని, ఏది తక్కువైతే అది కట్టి సరఫరా నిలుపుకోవచ్చు. బాగుంది. కానీ ఆ నోటీసు ఎవరి పేరున వస్తుంది? మీటరు ఎవరి పేరున ఉంటే వారి పేరున. కాగితం ఇంటాయనకు, చీకటి ఆపాకు.

మీటరే తన పేరున తీసుకుంటే పోలేదా అంటారా? తీసుకోవచ్చు. సరఫరా కోరే హక్కు యజమానికే కాదు, అందులో ఉంటున్నవారికీ ఉందని 43వ సెక్షన్ చెబుతోంది. ఇంటాయన అభ్యంతరం లేదన్న కాగితం ఇవ్వలేదనే సాకుతో అద్దెకున్నవారికి కరెంటు కాదనకూడదని 2022లో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. 2024 మార్చి నుంచి తెలంగాణలో తెల్ల కార్డు ఇళ్ళకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు కూడాను. మూడు కాపురాలు ఒకే మీటరు మీద బతికితే ఆ 200 ఎన్నాళ్ళకు దాటుతాయో లెక్క వేయడానికి బి.ఎ. కూడా అక్కర్లేదు. ఇదంతా ఆపాకు చెప్పాను. విని నవ్వింది. "మీటరు నా పేరున వస్తుందమ్మా. ఆ మర్నాడు గది ఖాళీ చెయ్యమని కబురు కూడా వస్తుంది" అంది. దానికి నా దగ్గర సెక్షన్ లేదు.

ఇప్పుడు కొన్నిచోట్ల కొత్త రకం మీటర్లు వస్తున్నాయి. బాకీ పడితే ఎవరూ రానక్కర్లేదట. ఎక్కడో ఆఫీసులో మీట నొక్కితే ఇక్కడ దీపం ఆరిపోతుంది. ఆ మాట వినగానే హమ్మయ్య అనుకున్నాను. ఇక పరదా తొలగించేవాళ్ళుండరు, చాయ్ దుకాణం నుంచి మగవాడిని పిలుచుకొచ్చే అవసరమూ ఉండదు. ఆ హాయి నాకు ఎక్కువసేపు నిలవలేదు. తలుపు తట్టే మనిషి ఉంటే, నా వాటా కట్టేశాను బాబూ అని చెప్పుకోవచ్చు. చేతిలో ఇంకా వేడి మీదున్న గాజు చూపించి, ఈ వరస పూర్తయ్యేదాకా ఆగమని అడగవచ్చు. అతను ఆగకపోవచ్చు, ఆగనూ వచ్చు. రేపు సగం రాళ్ళు అద్దాక ఉన్నట్టుండి ఆ గదిలో చీకటి పడితే, పొద్దున రండి అని ఆపా ఎవరితో చెప్పాలి?