క్రుంగిన మనస్సు అవిశ్వాసమా?

ధ్యాన భాగము: 1 రాజులు 19:1-8



క్యాన్సరు అను మాట వినని పల్లె నేడు లేదు. నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భసంచి ముఖద్వారపు క్యాన్సరు మన సంఘ కుటుంబములలోనికి వచ్చియున్నవి. అట్టి రోగులలో అనేకులకు డాక్టర్లు రేడియేషను చికిత్స చేయుదురు. మనవారు దానినే “కరెంటు పెట్టుట” అందురు. ఆ వారములలో రోగి కన్నీరు విడిచినను, మాటలాడక గోడవైపు తిరిగి పండుకొనినను, చూడవచ్చినవారు, “విశ్వాసివై యుండి దిగులుపడవచ్చునా?” అని గద్దించుట కద్దు. ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇదే. రోగములో మనస్సు క్రుంగుట అవిశ్వాసమా?

ముందుగా ఆ చికిత్స ఎట్టిదో తెలిసికొందము. 1895లో రాంట్‌జన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఎక్స్‌రేలను కనుగొనెను. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. 1951లో కెనడా దేశమందు కోబాల్టు యంత్రముతో చికిత్స ఆరంభమాయెను. నేడు హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి అని పిలువబడునది 1955లో రేడియం ఇన్‌స్టిట్యూటుగా ఏర్పడినదే. ఈ కిరణములు రోగకణములను ఇక పెరుగనియ్యక పాడుచేయును. ప్రక్కనున్న మంచి కణములకు కూడ దెబ్బ తగులును గాని, అవి తేరుకొనగలవు. తేరుకొనుటకు వ్యవధి కావలెను గనుక చికిత్సను కొంచెము కొంచెముగా, సాధారణముగా వారమునకు 5 దినముల చొప్పున చేయుదురు. నోటికి, గొంతుకు తరచుగా ఆరేడు వారములు పట్టును. దినమునకు కొద్ది నిమిషములే. కిరణము తగులునప్పుడు నొప్పి యుండదు.

నొప్పి లేదు గనుక బాధ లేదని తలంచవద్దు. తల, గొంతు రోగులకు ముఖముమీద వలవంటి ప్లాస్టికు ముసుగు వేసి బల్లకు బిగింతురు. తరువాత అందరును బయటికి పోవుదురు. పెద్ద తలుపు మూయబడును. బయటనుండి కెమెరాలో చూచుచుందురు గాని, గదిలో రోగి ఒంటరియే. ఒక సహోదరి నాతో ఇట్లనెను: “నొప్పేమీ లేదు అయ్యగారూ. ఆ తలుపు పడ్డప్పుడే సమాధిలో పెట్టినట్టుంటది.” రెండు మూడు వారములు గడచునప్పటికి నిద్రతో తీరని అలసట వచ్చును. నోరు పూయును, రుచి పోవును, ఉమ్మి యెండిపోవును. చికిత్స ముగిసిన తరువాత కూడ వారము రెండు వారములు ఈ బాధలు హెచ్చుగా ఉండవచ్చును. వీటికి తోడు పట్నములో బస, పోయిన కూలి, ఇంటియొద్ద విడిచిన బిడ్డలు.

ఇప్పుడు ఏలీయాను చూడుడి. కర్మెలు పర్వతముమీద జయము పొందిన ఆ ప్రవక్తయే బదరీవృక్షము క్రింద కూర్చుండి ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. దేవుడు అతనిని గద్దించెనా? లేదు. దూతను పంపెను. దూత ప్రసంగము చేయలేదు. కాల్చిన అప్పమును, నీళ్లను ఇచ్చి, అతడు పండుకొనగా మరల లేపి రెండవమారు తినిపించెను. ప్రయాణము అతని శక్తికి మించినదని దేవుడే ఒప్పుకొనెను. ముందు ధైర్యము తెచ్చుకొనుము, తరువాత అప్పమిత్తునని అనలేదు. గెత్సేమనేలో మన ప్రభువు సహా దుఃఖపడి, తనతో మెలకువగా ఉండుడని ముగ్గురు శిష్యులను అడిగెను. కలవరపడుటయే అవిశ్వాసమైనయెడల ఆ రాత్రినిగూర్చి మనమేమి చెప్పుదుము? అవిశ్వాసమనగా దేవుని విడిచి తిరుగుటయే గాని, ఆయన యెదుట ఏడ్చుట కాదు.

కొందరు ఇట్లందురు: “ధైర్యముగా నుండిన రోగము తగ్గును గదా, అందుకే చెప్పుచున్నాము.” ఇది మంచి మనస్సుతో చెప్పు మాటయే, అయినను ఇందులో అపాయమున్నది. సంతోషముగా నుండుటచేతనే క్యాన్సరు కుదురునని వైద్యశాస్త్రము స్థాపింపలేదు. ఆ మాట నమ్మిన రోగికి గడ్డ తగ్గనియెడల, తప్పు తన మనస్సుదేయని తలంచును. రోగభారమునకు నేరభారము కూడ చేరును. తరువాత మనలను చూడగానే నవ్వు తెచ్చిపెట్టుకొని, తన బాధను డాక్టరుకు కూడ దాచును. తాళలేనప్పుడు నడుమనే మాని ఇంటికి వచ్చును. నడుమ దినములు తప్పినకొలది అనేక క్యాన్సరులలో రోగము కుదురు అవకాశము తగ్గును. ఇది స్థిరపడిన సంగతి.

అట్లయిన రోగి మనస్సును ఎందుకు కాపాడవలెను? అది మందు అని కాదు. ఆ ఆరేడు వారములు కూడ దేవుడిచ్చిన జీవిత దినములే గనుక. బ్రదుకుటకై ఎదురుచూచు దినములుగా గాక, బ్రదుకుచున్న దినములుగా అవి గడువవలెను. సిసిలీ సాండర్స్ అను క్రైస్తవ వైద్యురాలు 1967లో లండనులో మరణాసన్న రోగులకొరకు ఒక ఆశ్రయమును తెరచెను. రోగి బాధ శరీరములో మాత్రమే లేదనియు, మనస్సులోను, కుటుంబ సంబంధములలోను, ఆత్మలోను కలిసి ఒక్కటిగా ఉండుననియు ఆమె బోధించెను. కుదురదగిన రోగికిని ఇది అంతే నిజము.

కాబట్టి సంఘమువారు చేయదగిన పనులు కొన్ని కలవు. యోబు స్నేహితులు 7 దినములు మౌనముగా అతనితో కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే. నోరు తెరచి లెక్కలు చూచినప్పుడు చెడిరి. మన సముద్రతీరపు పల్లెలలో అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిట క్యాన్సరు వచ్చుట నిజమే. ఆ అలవాటు మానుమని ప్రేమతో చెప్పవలెను. ఇది నీకు శిక్ష అని చెప్పుటకు మనమెవరము? బయటి యంత్రముతో చికిత్స పొందినవారి దేహములో కిరణములు నిలిచియుండవు. వారికి కంచము, గ్లాసు వేరుచేయనక్కరలేదు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనవచ్చును. లోపలికి రేడియో మందు ఇచ్చినప్పుడు మాత్రము డాక్టరు చెప్పిన జాగ్రత్తలు పాటింపవలెను. వంతులు వేసికొని ఒక్కొక్కరు ఒక్కొక్క వారము రోగితో పట్నము వెళ్లుడి. మెత్తని జావ కాచి తెండి. దిగులు తగ్గక నిద్ర, తిండి, ఆశ విడిచినవారిని డాక్టరుకు చూపించుడి. ప్రభుత్వపు టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసినను ఉచితముగా తెలుగులో మాటలాడుదురు. హిజ్కియా ప్రార్థించినప్పుడు యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయించెను. మందు ప్రార్థనకు విరోధి కాదు. మనస్సుకు వేయు మందు కూడ అంతే.

రోగులైన ప్రియులారా, ఆ తలుపు మూయబడినప్పుడు మీకు భయము కలిగినయెడల సిగ్గుపడకుడి. ఏడ్చినయెడల ఏడ్వుడి. బదరీవృక్షము క్రిందికి దూతను పంపినవాడు ఆ గదిలోనికి రాలేనివాడు కాడు. బయట బెంచీమీద మీకొరకు ఒక సహోదరుడైనను, సహోదరియైనను కనిపెట్టుకొని యుండునట్లు చూచుట సంఘముగా మన పని. ప్రభువు మనకట్టి ప్రేమ దయచేయును గాక. ఆమేన్.