ఆరోగ్యవంతుని చేతిలోని మాత్ర

రోగము లేనివాడు మందు మ్రింగవలెనా? ప్రశ్న వినుటకు వింతగా తోచును. కాని 2004లో మన దేశమున బోదకాలు నివారణకై ఇంటింటికి మాత్రలు పంచుట ఆరంభమైన నాటి నుండి, కోనసీమలో నగరం వంటి గ్రామములందు ఈ ప్రశ్న సహజముగనే పుట్టును. "నాకు కాలు వాచలేదు గదా, నాకెందుకు?"

ఈ సందేహమును మూఢత్వమని త్రోసివేయరాదు. వ్యాధి స్వభావమే దానికి మూలము. బోదకాలు పురుగు మనుష్యుని శోషరస నాళములలో ఏండ్ల తరబడి నివసించును. దాని సూక్ష్మమైన పిల్లలు పగలు లోపలి అవయవములందు అణగియుండి, రాత్రివేళ పైరక్తములోనికి వచ్చును. పూర్వము రక్తపరీక్ష చేయువారు రాత్రులందు వీధులు తిరుగుటకు కారణమిదియే. మురుగునీట పెరిగిన దోమ ఆ రక్తమును పీల్చి, రెండు వారములలోపుగనే మరియొకరికి అంటింపగల శక్తి పొందును. పురుగు ఉన్నవారిలో పెక్కుమందికి వాపుగాని నొప్పిగాని కనిపించదు. అట్టివాడు తాను నిరోగినని నమ్మును. పొరుగింటి బిడ్డకు రోగము ప్రాకుట మాత్రము అతని రక్తము నుండియే.

ఇందుకు వాడు మందు వెనుక గోదావరి గడ్డపై పుట్టినవాని శ్రమ కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకుడై యుండగా, 1947లో డైఇథైల్‌కార్బమజైన్ లోకమునకు తెలియవచ్చినది. మరుసటి యేడు ఆయన అక్కడనే కన్నుమూసెను. దానికి అల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్ జతచేసి ఒక్కసారి యిచ్చినచో దాదాపు అందరి రక్తము మూడేండ్ల వరకు శుభ్రపడి యుండునని పపువా న్యూగినీలో జరిగిన పరిశోధన 2018లో ప్రకటితమైనది.

అయినను ఏ మాత్రయు ముదిరిన బోదకాలిని మరల మామూలు కాలు చేయజాలదు. వరిబీజమునకు శస్త్రచికిత్సయే శరణ్యము. కనుక ఈ మందు ముఖ్యముగా మ్రింగువాని కొరకు గాక ఇతరుల కొరకు. దాసోహమనగా ధాన్యము, ధనము ఇచ్చుటయే అని తలచువారు కలరు. ఇచ్చట అడుగబడునది అంతకంటె చిన్నది, అంతకంటె కష్టమైనది కూడ. పేరు లేదు, పుచ్చుకొన్నవాడెవడో తెలియదు, పైగా ఒకనాటి జ్వరము, తలనొప్పి తన వంతు కావచ్చును. చిత్రమేమనగా, ఆ జ్వరము తరచుగా వచ్చునది రక్తమున పురుగులున్నవానికే. అవి చచ్చుటవలన కలుగు బాధ అది. ఈ సంగతిని ముందుగా చెప్పక మాత్ర మ్రింగించుట మోసమే యగును. మరునాడు జ్వరపడినవాడు మరుసటి యేడు తలుపు మూసికొన్నచో తప్పెవరిది?

మురుగుకాలువ బాగుచేయక మాత్ర మాత్రము ఇచ్చుచున్నారను ఫిర్యాదు కూడ న్యాయమైనదే. దానిని పంచాయతీ యెదుట గట్టిగనే అడుగవలెను. కాని కాలువపై కోపమును పొరుగువాని కాలిపై చూపుట ఏమి న్యాయము? బలవంతము పనికిరాదు, నిజమే. చేతిలో పుచ్చుకొని, కార్యకర్త వీధి మలుపు తిరుగగానే పారవేయుట మాత్రము స్వేచ్ఛ అనిపించుకొనదు. లెక్కలో అతడు మ్రింగినవాడే. ఆ లెక్కను నమ్మి ఊరంతయు మోసపోవును.

రెండేండ్లలోపు శిశువులకు, గర్భిణులకు, తీవ్రవ్యాధిగ్రస్తులకు ఈ మాత్ర ఇయ్యరు. వారున్న ఇంట దోమ యెవరి రక్తము త్రాగి వచ్చునో, అది ఇరుగుపొరుగువారు మాత్ర మ్రింగుటను బట్టి యుండును.