క్యూబిట్ వేదాంతానికి సాక్షి అవుతుందా?

అద్వైతం ఏనాడో చెప్పినదాన్నే క్వాంటం కంప్యూటర్ ఇప్పుడు రుజువు చేస్తోందని చాలామంది అంటున్నారు. మామూలు కంప్యూటర్‌లోని బిట్ సున్నాగానో ఒకటిగానో ఉంటుంది. క్వాంటం కంప్యూటర్‌లోని క్యూబిట్ మాత్రం కొలిచేదాకా ఆ రెంటి కలయికగా ఉండగలదు. సత్తూ అసత్తూ కాని మాయ ఇదేనని, చూసేవాడి చైతన్యమే ఫలితాన్ని తేలుస్తుందని వారి వాదన. నేను ఒప్పుకోను. కొలతంటే మనసు చూడటం కాదు. 2019లో గూగుల్ వాడిన 53 క్యూబిట్ల చిప్‌ను పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరగా చల్లబరిచారు. ఎందుకంటే కాస్త వేడి సోకినా, దారితప్పిన తరంగం ఒక్కటి తగిలినా ఆ కలయిక చెదిరిపోతుంది. గదిలో ఎవరూ లేకపోయినా చెదురుతుంది. పైగా కొలవకముందు కూడా క్యూబిట్ స్థితిని గణితం స్పష్టంగా రాసి చూపిస్తుంది. అలా రాయడం సాధ్యం కనుకే క్వాంటం కంప్యూటర్‌తో పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడదీసే పద్ధతిని గణితవేత్త పీటర్ షోర్ 1994లో కాగితం మీదే తేల్చగలిగాడు.

మరి క్వాంటం భౌతికశాస్త్రవేత్త ష్రోడింగర్ ఉపనిషత్తులను తలకెత్తుకోలేదా అని అడగవచ్చు. ఎత్తుకున్నాడు, అదీ మనస్ఫూర్తిగా. కానీ ఆయన సమీకరణం నిలబడింది హైడ్రోజన్ పరమాణువు శక్తి స్థాయులను సరిగ్గా చెప్పినందువల్ల. తెలుసుకునేవాడు ఎవరన్న వేదాంత ప్రశ్నకు ఏ చిప్పూ జవాబివ్వదు. ఆ ప్రశ్నకు చిప్పు ఊతమూ అక్కర్లేదు. అమరావతిలో క్వాంటం వ్యాలీ కడతామంటున్న ఈ రోజుల్లో పిల్లలకు క్వాంటం గణితానికి కావలసిన మాత్రికలు, సంభావ్యత గట్టిగా నేర్పండి. ఉపనిషత్తును ఉపనిషత్తుగానే చదవనివ్వండి.