రాకుమారుడు రాకపోతే?

మొన్నటి వేసవి సెలవులకు మా మనవరాలు హైదరాబాదు నుంచి చేర్యాల వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. దాని సామానులో బట్టలకంటే రాకుమార్తెలే ఎక్కువ! మంచినీళ్ళ సీసామీద ఒకతె, పెన్సిళ్ళ డబ్బామీద ఒకతె, ఆఖరికి చెప్పులమీద కూడా ఒకతె. "రాజుగారి బిడ్డను కాళ్ళకింద తొక్కుతావేమే?" అంటే పకపకా నవ్వింది.

మధ్యాహ్నపు ఎండలో బయటికి పోలేక ఇద్దరం టీవీ ముందు చేరేవాళ్ళం. అలా డిస్నీవారి బొమ్మల సినిమాలు నేనూ వరసగా చూసేశాను. ఏది మంచి కథ, ఏది కాదు అని మా ఇద్దరికీ రోజూ వాదనే. మావారు పేపరు అడ్డం పెట్టుకుని, "అసెంబ్లీలో కూడా ఇంత చర్చ జరగదు" అనేవారు.

ఓ రోజు 1950 నాటి 'సిండ్రెల్లా' చూస్తున్నాం. సవతితల్లి ఎంత చాకిరీ చేయించినా పల్లెత్తు మాట అనని పిల్ల కథ. మా మనవరాలు ఉన్నట్టుండి అడిగింది: "అమ్మమ్మా, ఆ రాజకొడుకు రాకపోతే ఎట్ల?"

నా గుండె ఝల్లుమంది. ఎందుకో చెబుతాను.

ముప్పై ఏళ్ళ కింద ఈ కథనే దాని తల్లికి బొమ్మల పుస్తకం చూపించి చెప్పాను. అదీ ఒక ప్రశ్న వేసింది: "ఆమె ఎందుకు ఎదురు చెప్పలేదమ్మా?" నేను ఆగలేదు. "మంచిపిల్లలు ఎదురు చెప్పరు. ఓర్చుకుంటే అంతా మంచే జరుగుతుంది" అని పేజీ తిప్పేశాను. పెళ్ళయ్యాక అత్తవారింట్లో దాన్ని బి.ఇడి. చదువు మానేయమన్నారు. మానేసింది. ఏడాది దాకా మాకు చెప్పనేలేదు. తెలిసి నేను మండిపడితే, "ఎదురు చెప్పొద్దని నువ్వే గదమ్మా చెప్పినవు" అంది శాంతంగా. తరవాత మళ్ళీ చేరి పాసయిందనుకోండి. కాని ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లే.

అందుకని ఈసారి పేజీ తిప్పదలచుకోలేదు. రిమోటు అందుకుని సినిమా ఆపాను. "రాకపోతే ఏమవుతుందో చూద్దాం పట్టు" అని నింపాదిగా మళ్ళీ మొదలుపెట్టాం. తీరా చూస్తే ఏముంది? సిండ్రెల్లా ఇంటికి రాకుమారుడు రానేలేదు! గాజుచెప్పు పట్టుకుని వచ్చింది రాజోద్యోగి ఒకాయన. సవతితల్లి తన చేతికర్ర అడ్డం పెట్టి, ఆ చెప్పును కాస్తా పగిలేట్టు చేసింది. ఎలుకలు తాళంచెవి తెచ్చి ఇస్తే గదిలోంచి బయటపడ్డ సిండ్రెల్లా, తన దగ్గర దాచుకున్న రెండో చెప్పు తీసి చూపించింది. ఆ నిమిషంలో దేవతా లేదు, మంత్రమూ లేదు. తన సొంత నోరు, తన సొంత చెయ్యి. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆ రెండో చెప్పు సంగతి మా అమ్మాయికి చెప్పినట్టు నాకు గుర్తే లేదు.

మర్నాడు 1989లో వచ్చిన 'లిటిల్ మెర్మెయిడ్'. సముద్రపు రాజు కూతురు ఏరియల్ మనిషి కాళ్ళకోసం తన గొంతునే మంత్రగత్తెకు ఇచ్చేస్తుంది. డెన్మార్కు రచయిత ఆండర్సన్ 1837లో ప్రచురించిన మూలకథలో ఆమెకు పెళ్ళి కాదు, నురగైపోతుంది. సినిమావారు మాత్రం గొంతూ తిరిగి ఇప్పించి, పెళ్ళీ చేసి పంపించారు. "మాటే లేకపోతే ఆమె సంగతి ఆయనకు ఎట్ల తెలుస్తది?" అంది పిల్ల. నేను గర్వంగా మన సావిత్రి కథ ఎత్తుకున్నాను. ఆవిడా రాజుకూతురే. భర్తను తానే ఎంచుకుంది. యముడంతటివాణ్ణి మాటలతోనే గెలిచింది. గొంతు వదులుకుని కాదు, గొంతు విప్పి మగణ్ణి దక్కించుకుంది!

చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. ఆ మాటకారితనం కోసమా మనం ఆవిణ్ణి తలుచుకునేది? నోరెత్తని ఇల్లాలిని చూపించి "సతీ సావిత్రి" అంటాం! పేజీ తిప్పేసే అలవాటు నా ఒక్కదానిదే కాదన్నమాట.

2013లో వచ్చిన 'ఫ్రోజెన్' మాత్రం నన్ను కదలనివ్వలేదు. ఎల్సా చేతుల్లోంచి మంచు పుడుతుంది. తల్లిదండ్రులు, పాపం ప్రేమతోనే, "దాచుకో, బయటపడనీయకు" అని పెంచారు. ఆ దాపరికమే చివరికి రాజ్యాన్నంతా మంచులో ముంచింది. చెల్లెలు ఆన్నా, తనను బతికించే ముద్దు కోసం పరుగెత్తబోతున్నదల్లా ఆగి, అక్క మీదికి లేచిన కత్తికి అడ్డం నిలబడింది. ప్రేమంటే రాకుమారుడే కానక్కరలేదనడం ఒక మెట్టు. పెద్దవాళ్ళు ప్రేమతో చెప్పిందీ తప్పు కావచ్చునని ఒప్పుకోవడం దానికి పై మెట్టు. కథకు మార్కులు వేయమంటే నేను దీనికే వేస్తాను.

అయితే రిమోటు నొక్కి ఆపినప్పుడల్లా నాకు మా ఊరి నకాషీ పటాలు గుర్తుకొచ్చాయి. ఖద్దరుబట్టకు సుద్దమట్టీ, చింతగింజల గంజీ పట్టించి, ఎర్రరంగు మీద వరసగా బొమ్మలు గీసిన గజాలకొద్దీ పటం. బొమ్మల సినిమాకు పెద్దమ్మ అనుకోండి. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు ఆ పటం వేలాడదీసి పాడుతూ కథ చెప్పేవారు.

నా చిన్నతనంలో ఓ రాత్రి మార్కండేయ పురాణం జరుగుతోంది. పదహారేళ్ళే బతికే గుణవంతుడు కావాలా, నిండా బతికే మూర్ఖుడు కావాలా అని శివుడు మృకండుణ్ణి అడిగే ఘట్టం. ఒక ముసలమ్మ లేచి, "ఆ తల్లిని అడిగిండ్రా అయ్యా?" అంది. కథ చెప్పేవాడు విసుక్కోలేదు. చేతికర్ర ఆ బొమ్మమీదే ఉంచి, తల్లి దుఃఖం ఇంకాసేపు పాడాడు. ముసలమ్మ కళ్ళు తుడుచుకుని కూర్చున్నాకే కథ ముందుకు కదిలింది.

మంచి కథ అంటే పిల్లలకు మంచిబుద్ధి చెప్పేది అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనిపించడం లేదు. పిల్ల ప్రశ్న వేస్తే, ఆ బొమ్మ దగ్గర ఆగగలిగితే, సిండ్రెల్లా కూడా మంచి కథే. ఆగకపోతే సావిత్రి కథ కూడా నోరు మూయించడానికే పనికొస్తుంది. మీరే చెప్పండి, మనం ఎన్నిసార్లు ఆగాం?

ఆ సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. "పిల్లకేం చూపిస్తున్నవమ్మా?"

"సిండ్రెల్లా."

కాసేపు మాట లేదు. "ఎదురు చెప్పొద్దనేనా?"

"కాదు బిడ్డా" అన్నాను. "ఈసారి రెండో చెప్పు దాకా వచ్చినం."