వాన, పెళ్లి, కుక్క

మొక్కలు పెంచేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట మొక్కల దగ్గర మొదలవుతుంది గానీ అక్కడ ఆగదు. టమాటాకు ఆకుముడత పట్టిందని ఒకరు అంటారు. అటునుంచి నిన్న రాత్రి వానమీదికి పోతుంది. వాననుంచి వచ్చేవారం ఊళ్లో ఉన్న పెళ్లికి, పెళ్లినుంచి కుండీలో మట్టంతా తవ్విపోసిన కుక్కకు మళ్లుతుంది. ఆకుముడత సంగతి తేలినా తేలకపోయినా, మెట్లు దిగేటప్పుడు చేతిలో నాలుగు బచ్చలి తీగముక్కలో గుప్పెడు చిక్కుడు గింజలో ఉంటాయి. హైదరాబాదులో మా కాలనీ డాబాలమీద ఈ మాటలు ఏళ్ల తరబడి వింటున్నాను, ఆడుతున్నాను. పక్కనుంచి వినేవాళ్లకు ఇవి ఊసుపోక కబుర్లు. మనిషికి మనిషి మిగలడానికి మనం చేసే పనుల్లో ఇంతకంటే నమ్మదగ్గది నాకు మరొకటి కనపడలేదు.

ముందు వాన సంగతి. మిద్దెమీది మొక్కకు నేలమీది మొక్కకున్న భరోసా లేదు. నేలలో వేరు లోతుకు దిగి తడి వెతుక్కుంటుంది. పన్నెండంగుళాల కుండీలో దానికి ఉన్నదల్లా ఆ కుండీడు మట్టే. రోహిణి కార్తెలో పైనుంచి ఎండ, కిందినుంచి స్లాబు కాలుస్తుంటే పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి మిగలవు. నల్ల కుండీలకు తెల్లరంగు వేస్తాం, షేడ్‌నెట్ కడతాం, మట్టిమీద ఎండుటాకులు పరుస్తాం. ఇంత చేసి కాపాడుకున్న కుండీకి ఆషాఢంలో అడుగు చిల్లు పూడుకుపోతే రెండు రోజుల ముసురుకే వేరు కుళ్లుతుంది. ఎండైనా వానైనా కొంచెం ఎక్కువైతే చాలు, మొక్క పోతుంది. అందుకే తోటవాళ్లు ఆకాశాన్ని తలుచుకున్నంతగా ఊళ్లో ఇంకెవరూ తలుచుకోరు.

"మీవైపు పడిందా?" అన్నది మా పలకరింపు. హైదరాబాదులో ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్నే. కూకట్‌పల్లిలో రోడ్లు చెరువులైన సాయంత్రం ఉప్పల్లో దుమ్ము లేస్తుంటుంది. వాతావరణ శాఖ జిల్లాకు చెబుతుంది, వీధికి చెప్పేది పక్కింటివాళ్లే. నైరుతి మామూలుగా జూన్ 1కి కేరళ చేరాలి. 2025లో మే 24నే చేరింది. రోహిణి ఎండలకు కాచుకుని కూర్చున్నవాళ్లం మబ్బులు చూశాం. మృగశిర దాకా ఆగి నారు పోద్దామనుకున్నవాళ్లు ఆ వారమంతా ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు: పోసేద్దామా, ఇంకో పదిరోజులు చూద్దామా? ఎవరికీ ఖాయంగా తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడలేదు. వానమీద మాట్లాడేటప్పుడు గెలిచేవాళ్లు, ఓడేవాళ్లు ఉండరు. రిటైరైన ఇంజనీరుకు, పాలు పోసే ఆమెకు ఆకాశం ముందు ఒకే హోదా. ఇద్దరూ సమానంగా నిలబడి మాట్లాడుకోగల విషయాలు మనకు ఎన్ని మిగిలాయో ఆలోచిస్తే, వాన విలువ తెలుస్తుంది.

ఈ రకం మాటలను శ్రద్ధగా పట్టించుకున్న పండితుడు ఒకాయన ఉన్నాడు, బ్రోనిస్లావ్ మాలినోవ్‌స్కీ. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో, అక్కడివాళ్ల మధ్యే గుడారం వేసుకుని ఉన్నాడు. 1923లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన చెప్పింది ఇదీ: వాతావరణం గురించీ ఒంట్లో ఎలా ఉందన్న దాని గురించీ మనుషులు ఆడుకునే మాటలు ఏదో సమాచారం అందించడానికి కాదు. మౌనంగా ఉన్న కొత్తమనిషి భయం పుట్టిస్తాడు, మాట ఆ భయాన్ని తీసేసి ఇద్దరినీ కలుపుతుంది. ఆ దీవులవాళ్లు పెండలం దుంపలు పండించే గొప్ప తోటమాలులు. వాళ్ల తోటల గురించే ఆయన 1935లో రెండు సంపుటాల పుస్తకం రాశాడు. మాటలకు, మనుషుల కలయికకు ఉన్న ముడిని చూసినవాడు తోటపనివాళ్ల మధ్య బతికినవాడు కావడం నాకు ఎంతో నచ్చుతుంది.

ఆయన మాటలో నిజం ఉంది, అయితే సగమే ఉందనిపిస్తుంది. ఇలాంటి మాటల్లో విషయం ఏదైనా ఒకటే, కలవడమే ముఖ్యం అన్నట్టుగా ఉంటుంది ఆయన ధోరణి. మా మిద్దెలమీద విషయం కూడా ముఖ్యమే. "మీవైపు పడిందా" అన్నదానికి వచ్చే జవాబును బట్టి ఆ పూట నీళ్లు పోయాలో వద్దో నిర్ణయించుకుంటాం. ఒకే మాట పనికీ వస్తుంది, మనిషినీ దగ్గర చేస్తుంది. ఆ రెండూ విడిపోయినప్పుడే కబుర్లు బోలుగా మోగుతాయి.

పెళ్లి సంగతికి వస్తే, తోటకూ పెళ్లికీ ఉన్న చుట్టరికం పూలతో మొదలు కాలేదు. మన పెళ్లి మొదలయ్యేదే విత్తనాలు చల్లడంతో. అంకురార్పణ అంటారు. పుట్టమన్ను తెచ్చి, మట్టి పాలికల్లో నింపి, పాలల్లో నానబెట్టిన నవధాన్యాలు ముత్తైదువలచేత అందులో వేయిస్తారు. దగ్గరగా కూర్చుని చూసినవాళ్లకు తెలుసు. పెసలు అందరికంటే ముందు పగులుతాయి. ఒకటి రెండు రోజుల్లోనే తెల్లటి మొలక కొంకితిరిగి, మట్టిని చిన్న పెళ్లలా పైకెత్తుతుంది. మినుములు, అలసందలు దాని వెనకే వస్తాయి. వడ్లు నిదానం. నువ్వులు మట్టిలో ఉన్నాయో లేవో తెలియదు, ఒకనాడు సూదిమొనంత ఆకుపచ్చ కనిపిస్తుంది. ఇంటినిండా చుట్టాలు, వంటలు, చీరల లెక్కలు నడుస్తుంటే ఒక ముసలమ్మ మాత్రం రోజూ వచ్చి పాలికల్లో నీళ్లు చిలకరించి, ఎంతవరకు వచ్చాయో చూసి వెళుతుంది. ఆమె ఆ పెళ్లింటి తోటమాలి. ఇద్దరు మనుషుల కాపురం ఎలా ఉంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరని పెద్దలకు తెలుసు. చెప్పలేనిదాన్ని విత్తనానికి, నీటికి, ఓపికకు అప్పజెప్పారు.

ఇక నడిచే కబుర్లలో పూల లెక్క ఉంటుంది. మూఢం వచ్చిందంటే గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతి, చేమంతి అడిగేవాళ్లు తగ్గుతారు, మాఘంలో ముహూర్తాలు పడ్డాయంటే ధర ఎక్కడికో పోతుంది. మాఘంలో కూతురి పెళ్లి పెట్టుకున్న ఒక వదిన, గుమ్మాలకు తన మిద్దెమీది బంతిపూలే కట్టాలని కార్తీకంలోనే నారు పోసింది. నారు పోసిన రెండు నెలలకు పైన గానీ బంతి నిండుగా పూయదు. ఆ లెక్క ఆమెకు చెప్పింది పంచాంగం కాదు, పక్క డాబామీది అక్క. కడియపులంక నుంచి వ్యానులో వచ్చే పూలతో ఇల్లంతా నింపవచ్చు. గుమ్మానికి మాత్రం చేతులారా పెంచిన పువ్వు కావాలనుకోవడంలో ఒక తల్లి మనసంతా ఉంది. దాన్ని ఆమె వేరే మాటల్లో ఎవరికీ చెప్పుకోలేదు. "మొగ్గలు పడ్డాయా వదినా?" అని అడిగినవాళ్లందరూ మాత్రం ఆ మనసును తడిమి వెళ్లినవాళ్లే.

పెళ్లి కబుర్లలో ఇంకో అసలు సంగతి ఉంది. వైశాఖంలో పెళ్లంటే నాలుగు రోజులు ఊరెళ్లాలి. నాలుగు రోజుల వైశాఖపు ఎండకు కుండీలన్నీ మాడిపోతాయి. డ్రిప్పు పెట్టుకున్నవాళ్లు కొందరే. మిగతావాళ్లకు ఎవరో ఒకరి చేతికి డాబా తాళంచెవి ఇవ్వక తప్పదు. ఎవరి చేతికిస్తారు? తాళంచెవి ఇవ్వడానికి సరిపడే నమ్మకం ఒక్కరోజులో అడిగి పుట్టించేది కాదు. అది ఆకుముడత దగ్గర, వాన దగ్గర, చిక్కుడు గింజల దగ్గర, పని లేకుండా ఆడుకున్న మాటల్లో కూడబెట్టుకున్నది. పెళ్లి నుంచి తిరిగొచ్చేసరికి మొక్కలు పచ్చగా ఉంటాయి. వచ్చినవాళ్లు అరిసెలు, పూతరేకులు పంచుతారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే.

అయితే ఈ మూడు విషయాల్లో మనిషిని గాయపరచగలిగింది పెళ్లి ఒక్కటే. "మీ అమ్మాయికి ఇంకా చెయ్యలేదేం?" అన్న ఒక్క మాట చాలు, ఆమె రేపటినుంచి డాబామీదికి ఆలస్యంగా రావడానికి. మొక్కలు పెంచేవాళ్లకైనా ఇది తెలియాలి. మొగ్గను వేళ్లతో విప్పితే పువ్వు ముందుగా రాదు, ఉన్న మొగ్గ చెడుతుంది. అవతలివాళ్లు తమంతట తాము చెప్పేదాకా ఆగడం కూడా మాట్లాడటంలో భాగమే. మంచి కబుర్లకు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా జవాబు చెప్పగలిగిన ప్రశ్నే అడగాలి.

కుక్క దగ్గరికి వద్దాం. దేశంలో దీనిమీద పెద్ద రగడే నడిచింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలను షెల్టర్లకు తరలించమంది. అదే నెల 22న ఆ ఆదేశాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటికి టీకాలు వేసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పట్టినచోటే వదలమంది. ఆ రెండు వారాలు టీవీల్లో జనం కుక్కల పక్షం, మనుషుల పక్షం అని రెండుగా చీలిపోయారు. మా డాబాలమీద ఆ చీలిక రాలేదు. ఇక్కడ మాట్లాడేది కుక్కల సమస్య గురించి కాదు, మలుపులో ఉండే ఎర్రకుక్క గురించి. అది ఎవరిమీద మొరుగుతుందో, ఏ బడిపిల్లాడికి దాన్ని చూస్తే భయమో అందరికీ తెలుసు. ఆ పిల్లాడి తల్లి భయాన్ని ఎవరూ కొట్టిపారేయరు. కుక్కకు టీకా వేయించాలన్న మాటను ఎవరూ కాదనరు. పేరుతో, మచ్చతో, నడకతో తెలిసిన ప్రాణి గురించి మాట్లాడేటప్పుడు మనిషికి విచక్షణ దానంతటదే వస్తుంది.

వేసవిలో కుక్క కుండీ తవ్వేది అల్లరికి కాదు. మనకు పట్టినట్టు దానికి ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పడం ఒక దారి, తడిమట్టికి పొట్ట ఆనించి పడుకోవడం ఇంకో దారి. వానాకాలంలో తవ్వుతోందంటే ఎరువులో ఎముకల పొడి ఉందేమో చూసుకోవాలి, ఆ వాసనకు వస్తుంది. ప్రాణం తీసే సంగతి ఇంకోటి ఉంది. ఆముదపు చెక్క మొక్కలకు మంచి ఎరువు, కుక్కలకు విషం. అందులో మిగిలి ఉండే రైసిన్ కొంచెం తిన్నా చాలు. అందం కోసం పెట్టుకునే సైకస్ గింజలూ అంతే. ఈ విషయాలు నాకు ఏ పుస్తకంలోనూ ముందుగా దొరకలేదు. "మీ కుక్క ఎందుకు నీరసంగా ఉందమ్మా" అన్న పలకరింపులో దొరికాయి.

మా వీధిలో ఒక మాస్టారు ఉన్నారు. భార్య పోయాక పదకొండు రోజులూ ఇంటినిండా జనం ఉన్నారు. తర్వాత ఎవరికీ ఆయనతో ఏం మాట్లాడాలో తెలియలేదు. ఎదురుపడితే తలవంచుకుని పోయేవాళ్లం. ఒకనాడు పక్క డాబామీదినుంచి ఒక పెద్దావిడ, గోంగూర కోస్తూనే అడిగింది: "రాజు తింటోందా మాస్టారూ?" రాజు వాళ్ల కుక్క. "లేదమ్మా. ఆవిడ కుర్చీ కింద పడుకుంటోంది. గిన్నె పెట్టినా లేవడం లేదు" అన్నారాయన. "పెరుగన్నం కలిపి మీరు పక్కన కూర్చోండి. మీరు తింటే అదీ తింటుంది" అందావిడ. అంతే మాట. మర్నాడు ఆయన తనంతట తనే చెప్పారు, ఇద్దరం తిన్నామని. తిన్నారా అని నేరుగా అడిగి ఉంటే తిన్నానని అబద్ధం చెప్పి లోపలికి వెళ్లిపోయేవారు. దుఃఖం తనను గురించి నేరుగా చెప్పుకోలేనప్పుడు, కుక్క పేరు చెప్పుకునైనా బయటికి రావాలి. అలా రావడానికి అంతకుముందు ఏళ్లపాటు కుక్క గురించి మామూలుగా మాట్లాడుకుని ఉండాలి.

వాన, పెళ్లి, కుక్క. ఈ మూడింటికీ పోలిక ఏమిటని ఆలోచిస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. మూడూ మన చెప్పుచేతల్లో ఉండవు. వాన దాని లెక్కన అది వస్తుంది. పెళ్లిలో రెండో మనిషి మనసు మనది కాదు. కుక్కను పెంచుకోగలం గానీ దాని ప్రేమను పుట్టించలేం, దాని ఆయుష్షును పొడిగించలేం. మనం చేయగలిగిందల్లా సిద్ధంగా ఉండటం, వచ్చినదాన్ని చూసుకోవడం. మొక్కలు పెంచేవాళ్లకు ఆ సంగతి రోజూ చేతికి మట్టి అంటినప్పుడల్లా తెలుస్తుంది. అందుకే వాళ్ల మాటల్లో వాదన తక్కువ, వాకబు ఎక్కువ.

ఇవాళ మన మాటలన్నీ అభిప్రాయాలైపోయాయి. దేనిమీదైనా ఏదో ఒక పక్షం తీసుకోకుండా నోరు విప్పలేకపోతున్నాం. ఒకే లిఫ్టులో ఏళ్ల తరబడి ఎక్కి దిగినా పక్క ఫ్లాటువాళ్ల ఇంట్లో ఎవరికి బాగాలేదో తెలియదు. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి నారపల్లిలో తన మిద్దెతోట పెంచి, దాని గురించి రాసి ఎంతోమందికి ఆ దారి చూపించారు. మిద్దెతోటల వల్ల విషం లేని కూరగాయలు దొరుకుతాయన్నది నిజం. వాటివల్ల పిట్టగోడకు అటూఇటూ మాట మళ్లీ మొలిచిందన్నది నాకు అంతకంటే పెద్ద పంట. మొక్కలు లేనివాళ్లకూ ఇది అందని పంటేమీ కాదు. వాన అందరిదీ, వీధికుక్క అందరిదీ, పెళ్లిళ్లు అందరి ఇళ్లలోనూ ఉంటాయి. పక్కింటివాళ్లను ఏ పనీ లేకుండా పలకరించండి. ఊరికే పలకరించినవాళ్లకే, కష్టం వచ్చిన రాత్రి తలుపు తట్టడానికి చనువు ఉంటుంది.