తప్పు ముందుగా తెలిసేది ఎవరికి?

బళ్ళారి సత్యనారాయణపేటలో ఒక చిన్న వీడియో గేమ్ అంగడి ఉందనుకుందాం. అద్దాల అల్మారాలో కొత్త సీడీలు, గంపలో పాత సీడీలు, రిపేరుకొచ్చిన రిమోట్లు. అంగడి నడిపే మనిషికి యాభై దాటాయి. హైదరాబాదులో ఒక గేమ్ కంపెనీలో టెస్టరుగా పనిచేసే మేనల్లుడు సెలవుకొచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ నేను కల్పించుకున్నవాళ్ళే. వాళ్ళ నోట వచ్చే సంఘటనలు మాత్రం లోకంలో జరిగినవి.

ఈ మాటలకు బళ్ళారినే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. గీత పడ్డా తెలుగు ఇళ్ళు అక్కడే ఉన్నాయి, బజారూ అక్కడే ఉంది. ఇంకో కారణమూ ఉంది. పెద్ద నగరాల్లో గేమ్ బాగాలేకపోతే కోపం ఎవరి మీద చూపాలో తెలియదు. ఇలాంటి ఊళ్ళో తెలుస్తుంది, అమ్మినవాడు ఎదురుగా ఉంటాడు. గేమ్ చేసింది అతను కాదు. అయినా జవాబు చెప్పాల్సింది అతనే.

మామ: మంచి గేమంటే ఏందని నన్నడిగితే, పూర్తయిందే మంచిది అంటా. మా కాలంలో పసుపుపచ్చ క్యాసెట్లు వస్తాండె. అట్ట మీద 9999 ఇన్ 1 అని రాసుండేది. లోపల ఉండేవి కొన్నే, అవే పేర్లు మార్చుకోని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. లెక్క అబద్ధమే. కానీ కాంట్రా మొదలుపెడితే ఆఖరు దాకా ఉండేది. మారియో దూకాల్సిన చోట దూకేవాడు. ఇప్పుడు దాదాపు 5,000 పెట్టి పీఎస్ 5 సీడీ కొనుక్కోని పోయిన పిల్లోడు, ఇంటికాడ మిషన్లో వేసినాక ఇంకా గంటల తరబడి డౌన్‌లోడ్ కోసం కూర్చోవల్ల. నేను అమ్మింది గేమా, గేమ్ ఇస్తామనే మాటా?

అల్లుడు: ఆ కాంట్రా కూడా దొంగ కాపీనే కదా మామా. చేసిన జపాన్ కంపెనీకి ఒక్క పైసా పోలేదు. పీఎస్ 2 కాలంలో చిప్పు కొట్టించిన మిషన్లకు నువ్వు కాపీ సీడీలు అమ్మలేదా?

మామ: అమ్మినా. అది న్యాయమని నేను చెప్పను. ఒరిజినల్ పెట్టినాకే దాని బరువేందో తెలిసొచ్చింది. కాపీ సీడీ ఆడకపోతే ఇంకోటి రాసిస్తాంటి. ఒరిజినల్ బాగలేదని తెచ్చిస్తే ఏం చేయాల? నేను దుడ్లు కట్టి తెచ్చుకున్న సరుకు. పైవాడు వెనక్కి తీసుకోడు.

అల్లుడు: ఆ సంగతికి వస్తాం. ముందు ‘పూర్తయిందే మంచిది’ అన్నావే, అది నిలబడదు. బాల్డర్స్ గేట్ 3ని 2020 అక్టోబరులోనే అమ్మకానికి పెట్టినారు. మొదటి భాగం మాత్రమే ఉంది, బగ్గులున్నాయి, ఇష్టమైతేనే కొనండి అని ముందే చెప్పినారు. ఆడినవాళ్ళు చెప్పిన తప్పులు దిద్దుకుంటూ 2023 ఆగస్టులో పూర్తి చేసినారు. ఆ ఏడు ఉత్తమ గేమ్ అవార్డు దానికే వచ్చింది. పూర్తి కానిది అమ్మడమే తప్పయితే ఇది కూడా తప్పే కదా?

మామ కాసేపు జవాబివ్వలేదు. ఇక్కడ మేనల్లుడి మాటలో బలముంది. ఆడేవాళ్ళను కలుపుకుని ఒక గేమ్ పెరగడం ఈ కళకు దొరికిన కొత్త వరం, దాన్ని తోసిపుచ్చలేం.

మామ: అయితే నా మాట మార్చుకుంటా. మన ఊరి జీన్స్ కార్ఖానాలు చూడు. కుట్టు తప్పిన ప్యాంటు పారేయరు. సెకండ్స్ అని పక్కన పెడతారు, సెకండ్స్ రేటుకే అమ్ముతారు. కొనేవాడు ఆ కుట్టు చూసుకోనే కొంటాడు. అందులో మోసం లేదు. సెకండ్స్‌ను ఫస్టు కింద అమ్మితే మోసం.

అల్లుడు: బాల్డర్స్ గేట్ వాళ్ళు రేటు తగ్గించలేదు మామా, ఆ లెక్కకు అది సరిపోదు. కానీ తప్పు దాచలేదు, అంతవరకు నీ మాట ఒప్పుకుంటా. దాచిందెవరంటే, సైబర్‌పంక్ 2077 వాళ్ళు. 2020 డిసెంబరు 10న వచ్చింది. విడుదలకు ముందు రివ్యూలు రాసేవాళ్ళకు కంప్యూటర్ కాపీలే ఇచ్చినారు. పీఎస్ 4 మీద ఎట్లాడుతుందో ఎవరికీ చూపలేదు. వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ స్టోరు నుంచి దాన్ని తీసేసింది. మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో.

మామ: ఆన్‌లైన్‌లో తీసేసినారు. అంగళ్ళ అల్మారాల్లో ఉన్న సీడీలో?

అల్లుడు: అవి అట్లనే ఉన్నాయి.

మామ: అదీ నేను చెప్పేది. స్టోరువాడు ఒక బటన్ నొక్కి చేతులు కడుక్కున్నాడు. ఆ వారం అంగట్లో కూర్చున్నోడు ఏం చేసినట్టు? ఫోన్లో ఆ వార్త చూసిన పిల్లోడు ఇంక ఆ సీడీ కొంటాడా? కొన్నోడు ఊరుకుంటాడా?

అల్లుడు: చేసిన కంపెనీ వాళ్ళు కూడా దుడ్లు వాపసిస్తామన్నారు. బిల్లు పెట్టి మెయిల్ రాసినవాళ్ళకు ఇచ్చినారు. అయినా ఆ ఏడాది దాని కాపీలు 1 కోటి 37 లక్షలు అమ్ముడుపోయినాయి. తప్పు చేసినవాళ్ళ లెక్కల్లో ఆ తప్పు సరిగ్గా కనపడనే లేదు.

ఇక్కడ మాట చరిత్రలోకి మళ్ళింది. మళ్ళాల్సిందే. నాణ్యత కూలిపోతే ముందుగా కుప్పకూలేది అంగడి అనడానికి 1983 నాటి అమెరికాను మించిన ఉదాహరణ నాకు తెలియదు. అటారీ కంపెనీ ఈటీ సినిమా పేరుతో గేమ్ చేయించింది. 1982 క్రిస్మస్‌కు అంగళ్ళలో ఉండాలని తేదీ ముందే ఖాయం చేసుకున్నారు. దాన్ని చేసిన హోవర్డ్ స్కాట్ వార్షాకు దొరికింది సుమారు ఐదు వారాలు. ఆయన చేతనైంది చేశాడు. అమ్ముడుపోని క్యాసెట్లను 1983లో న్యూ మెక్సికోలోని ఆలమగోర్డో చెత్తదిబ్బలో పూడ్చారు. 2014 ఏప్రిల్‌లో తవ్వి బయటికి తీశారు. అందరూ చెప్పుకునే కథ ఇంతవరకే. నాకు అంతకంటే ముఖ్యమైనది వేరే ఉంది. అప్పుడు ఆ బజారును ముంచింది ఒక్క ఈటీ కాదు. ఎవరు పడితే వాళ్ళు తొందర తొందరగా చేసి పడేసిన గేములు అంగళ్ళలో గుట్టలు పడ్డాయి. అంగడివాళ్ళు వెనక్కి పంపుదామంటే తీసుకోవాల్సిన చిన్న కంపెనీల దగ్గర డబ్బు లేదు, కొన్ని అసలే మిగల్లేదు. 35 డాలర్ల సరుకు 5 డాలర్లకు పోయింది. ఆ 5 డాలర్ల గుట్ట పక్కన మంచి గేమ్ కూడా అమ్ముడుపోలేదు. బొమ్మల దుకాణాలు వీడియో గేమ్ అన్న మాట వింటేనే తలుపేసుకున్నాయి.

మామ: మళ్ళీ ఎట్ల తెరిపించినారు?

అల్లుడు: అది వినాల నువ్వు. 1985లో నింటెండో న్యూయార్క్‌లో అంగళ్ళ చుట్టూ తిరిగింది. అందరూ పెట్టుకోం అన్నారు. అప్పుడు నింటెండో వాళ్ళు, సరుకు మేమే తెచ్చి అద్దాల్లో సర్దుతాం, 90 రోజుల దాకా దుడ్లు అడగం, అమ్ముడుపోంది మేమే తీసుకుపోతాం అన్నారు.

మామ: వెనక్కి తీసుకుంటామన్నారా?

అల్లుడు: అన్నారు. ఇంకా ఉంది. అమెరికాలో ఒక్కో బయటి కంపెనీ ఏడాదికి ఐదు గేములకు మించి వేయకూడదన్నారు. డబ్బా మీద బంగారు రంగు ముద్ర వేసినారు. తమ అనుమతి లేని క్యాసెట్ ఆడకుండా మిషన్లోనే ఒక చిప్పు పెట్టినారు.

మామ: ముద్ర గిద్ర తర్వాత సంగతి. వెనక్కి తీసుకుంటామన్నారు చూడు, అసలు పని అదిరా! అమ్ముడుపోంది తిరిగి తన గుమ్మం లోకే వస్తాదని తెలిసినోడు చెత్త సరుకు పంపడు. పంపలేడు.

ఈ ఒక్క మాట కోసమే నేను ఈ సంవాదం మొదలుపెట్టాను. గేమ్ నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు మనం బొమ్మల నునుపు, కథ, ఆట తీరు లెక్కేస్తాం. అవన్నీ తయారయ్యాక కనిపించేవి. అవి తయారవ్వాలా వద్దా అని నిర్ణయించేది, చెడితే నష్టం ఎవరి ఇంటికి చేరుతుందన్నదే. నష్టం చేసినవాడి ఇంటికి చేరినచోట జాగ్రత్త ఉంటుంది. మధ్యలో ఎక్కడో చిన్నవాడి అల్మారాలో ఆగిపోయినచోట జాగ్రత్త పడాల్సిన అవసరం పైవాడికి రాదు.

అల్లుడు: సరే మామా, నీ మాటతోనే నిన్నడుగుతా. స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోరులో 2015 నుంచి, కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలు దాటి ఆడకపోతే, కారణం ఏదైనా వాపసు. నష్టం నేరుగా చేసినోడికే పోతాది. నీ అంగడి ఆ పని ఎప్పుడైనా అంత బాగా చేసిందా?

మామ: చేయలేదు. అది మంచి పద్ధతే. కానీ ప్లేస్టేషన్ స్టోరులో చూడు. డౌన్‌లోడ్ మొదలైతే చాలు, గేమ్ చెడిపోయుంటే తప్ప వాపసు లేదు. నచ్చలేదంటే కుదరదు. ఆ పిల్లోడు నా కాడ కొనుంటే, ఆడేసి సీడీ తెచ్చిస్తే సగానికి పైగా రేటుకు నేనే తీసుకుంటా. ఇంకో పిల్లోడు అది చౌకగా కొనుక్కుంటాడు. పాత సీడీల గంపే నా అంగడిని నడిపిస్తాండేది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌కు మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఆ గంపకే తాళం వేద్దామని చూసినారు. లోకమంతా గోల చేస్తే ఆ జూన్‌లోనే వెనక్కి తగ్గినారు. ఆ తర్వాత సోనీ వాళ్ళు గోల లేకుండా పని కానిచ్చినారు. సీడీ పెట్టే సందే లేని పీఎస్ 5ను 10,000 తక్కువకు ఇచ్చినారు. జనం సంతోషంగా తీసుకున్నారు.

అల్లుడు: జనానికి అదే సులువు కదా. అసలు ఇప్పుడు ఎక్కువమంది ఆడేది ఫోన్లోనే, అదీ ఊరికే.

మామ: సులువే. ది క్రూ కొన్నోళ్ళకూ సులువుగానే ఉండె. 2014 నాటి గేము. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ వాళ్ళు సర్వర్లు ఆపేసినారు. సీడీ చేతిలో ఉన్నోడికి కూడా ఇంక ఆ గేమ్ లేదు. నా గంపలో ఉండే ది క్రూ సీడీని ఏమనాల? అమ్మితే పాపం, పారేద్దామంటే మనసు రాదు.

అల్లుడు: నువ్వు చెప్పేవన్నీ అంగడి పక్కన నిలబడి చూసినవి. చేసేవాళ్ళ పక్కన కూడా నిలబడి చూడు. 2009లో మన హైదరాబాదులో అరోనా టెక్నాలజీస్ వాళ్ళు పీఎస్ 2కు ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసినారు, గుర్తుందా?

మామ: గుర్తు లేకేమి. మనోళ్ళు చేసిన గేము, సోనీ పేరుతో వచ్చింది అని ముందు వరసలో పెట్టినా. దేవుణ్ణి రిమోట్ పట్టుకోని ఆడిస్తారా అని అమెరికాలో కొందరు హిందూ పెద్దలు అభ్యంతరం చెప్పినారు. నాకు ఆ బాధ లేదు. ఆంజనేయుడు దూకమంటే సరిగ్గా దూకకపోవడమే నాకు బాధ. భక్తి ఉండేది చేసే పనిలో ఉండాల.

అల్లుడు: అది సోనీ చేయి ఉంది కాబట్టి నీ అల్మారా దాకా వచ్చింది. పూణెలో నాడింగ్ హెడ్స్ అని చిన్న స్టూడియో ఉంది. ‘రాజి’ అనే గేమ్ చేయాలనుకున్నారు. 2017లో జనం చందాల కోసం ప్రయత్నిస్తే దుడ్లు చాల్లేదు. మొదలుపెట్టినవాళ్ళలో ఒకామె తన ఫ్లాట్ అమ్మి పని నిలబెట్టినారు. 2020లో డౌన్‌లోడ్‌గానే వచ్చింది. కొత్తవాళ్ళ తొలి గేముల్లో మంచివాటి పక్కన ఆ ఏడాది గేమ్ అవార్డుల్లో దాని పేరు నిలబడింది. సీడీ అచ్చేసి, లారీల్లో పంపి, అమ్ముడుపోంది వెనక్కి తీసుకోవాలంటే వాళ్ళ వల్ల అయ్యేదా? నువ్వు మెచ్చుకుంటున్న ఆ వెనక్కి తీసుకునే పద్ధతి నింటెండో అంత ఉన్నోడికే సాధ్యం. చిన్నోడు బతికింది నీ అంగడిని దాటుకోని పోయే దారిలోనే.

ఈ మాటకు మామ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. చిన్న అంగడినీ చిన్న స్టూడియోనూ ఒకేసారి ప్రేమించేవాళ్ళకు ఇది నిజమైన ముడి. ఒకరి గుమ్మం మూతపడిన దారిలోనే ఇంకొకరు లోపలికి వచ్చారు. ఇద్దర్నీ గెలిపించే లెక్క ఉందని చెప్పడం నిజాయితీ కాదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఇల్లమ్మి గేమ్ చేసినామె నష్టాన్ని ఇంకొకరి మీదికి తోయలేదు, తనే మోసింది. ఆ గేమ్ ఆడితే ఆ సంగతి తెలుస్తుంది.

మామ: ఒకటి చెప్పు. పెద్ద కంపెనీల్లో తప్పుందని విడుదలకు ముందే తెలుస్తాదా, తెలీదా?

అల్లుడు: తెలుస్తాది. మా పనే అది. ఇక్కడ గోడలోంచి దూరిపోతాడు, ఇక్కడ సేవ్ చేసింది పోతాది అని ఒక్కోటి రాస్తాం. కొన్ని దిద్దుతారు. కొన్నిటి పక్కన ‘తర్వాత చూద్దాం’ అని పెడతారు. తేదీ మారదు.

మామ: అంటే తప్పు ముందుగా తెలిసేది నీకు. కొన్నోడు తెచ్చి మొగాన కొట్టినాక, కడాకు తెలిసేది నాకు. మధ్యలో ఉండే పెద్దోళ్ళకు అది లెక్కల్లో ఒక వరస. మన ఇద్దర్లో ఒకరైనా నోరు తెరిచే వీలుందా?

అల్లుడు: బయట చెప్పం అని మేం సంతకం పెట్టినాం. చాలామందిది కాంట్రాక్టు పని, గేమ్ అయిపోతే ఉద్యోగమూ అయిపోతాది. అమెరికాలో రావెన్ సాఫ్ట్‌వేర్ టెస్టర్లు మాత్రం, తమలో కొందర్ని తీసేస్తామంటే 2021 డిసెంబరులో పని ఆపి బయటికొచ్చినారు. 2022 మేలో ఓటేసి యూనియన్ పెట్టుకున్నారు.

మామ: మీ పట్టీలో ‘తర్వాత చూద్దాం’ అన్న వరసల్లో ఒక పది డబ్బా వెనక అచ్చేస్తే ఏం పోతాది?

అల్లుడు: అమ్మకం పడిపోతాదంటారు.

మామ: ఆ పడిపోయే అమ్మకం ఇప్పుడేమన్నా మాయమైపోతాందా? నా అల్మారాలోనే కూర్చోనుంది, చూడు. మీ ఆఫీసులో అడుగు.

అల్లుడు: ఒక్కణ్ణి అడిగితే వినరు మామా. పదిమందిమి కలిసి అడగాల.

మామ: నేనూ ఒక్కణ్ణి అడిగితే డిస్ట్రిబ్యూటరు నవ్వుతాడు. గుంతకల్లులో, హొసపేటలో, ఆదోనిలో అమ్మేవాళ్ళతో మాట్లాడతా. 90 రోజుల్లో అమ్ముడుపోంది వెనక్కి తీసుకుంటేనే కొత్తది పెడతామని అందరం ఒకే కాగితం మీద సంతకాలు పెడతాం. ఆ కాగితం నువ్వే రాసియ్యి. నాకంటే నీకు రాయడం బాగా వచ్చు. తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి.